ఆటకొక పిడికెడు

ఆర్మూరు పాత బజారులో విద్యావతమ్మ కిటికీ కింద నుంచి తలెత్తుకుని నడిచిన మనిషి లేడు. అడ్తి దుకాణం పైన మేడ, మేడకు బజారు వైపు ఒక కిటికీ, కిటికీ దగ్గర ఒక పేము కుర్చీ, ఆ కుర్చీలో ఆమె. కింద ఎవడు ఏం చేసినా ఆమెకు తప్పే. హమాలీ బస్తా నెమ్మదిగా దించితే సోమరిపోతు, గబగబా దించితే తాగుబోతు. కొత్త చొక్కా తొడుక్కున్నవాడు కనిపిస్తే ఎవరి కొంప ముంచిండో అంటుంది. చిరిగిన చొక్కావాడు కనిపిస్తే ఉన్న కొంప ముంచుకున్నడు అంటుంది. డెబ్బైకి దగ్గరపడి కళ్లద్దాలు వచ్చినా చూపు తగ్గలేదు, నోరు అసలే తగ్గలేదు. ఆ కిటికీకి ఒక కర్టెన్ కుట్టిద్దామని కోడలు అంకిత ఎన్నోసార్లు అనుకుంది. ఒక్కసారి పైకి అన్నందుకే తిట్లు తిని ఊరుకుంది.

ఇంత చిన్నచూపు ఒక్క మనిషిలో ఎట్లా పేరుకుందని ఊరు ఆశ్చర్యపోతుంది. దాని మొదలు ఒక భాగోతంలో ఉందని ఎవరికీ తెలియదు.

బాల్కొండ నుంచి ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నారాయణ సేటు దుకాణమే బజారులో పెద్దది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు పసుపు తెచ్చి దుకాణం వాకిట్లో కుప్ప పోస్తారు. కొనేవాళ్లు వచ్చి, కొమ్ము విరిచి లోపలి రంగు చూసి ధర చెబుతారు. మధ్యన సేటు తన కమీషన్, అంటే అడ్తి, తాను తీసుకుంటాడు. ఆ దుకాణానికి ఒక ఆచారం ఉంది. తూకానికి ముందు రైతు తన కుప్పలోంచి ఒక పిడికెడు కొమ్ములు తీసి, తరాజు పక్కన స్తంభానికి కట్టిన గోనెసంచిలో వేస్తాడు. దాన్ని ఆట పిడికెడు అంటారు. ఎవరూ అడగరు, ఎవరూ రాసుకోరు. పసుపు కాలం ముగిసేసరికి సంచి మీద సంచి నిండుతుంది. వాటిని అమ్మి, దొంకేశ్వర్ పక్క పల్లె నుంచి భాగోతులవాళ్లను పిలిపించి, దుకాణం ముందు బజారులో ఆట ఆడిస్తారు. వాళ్ల తిండి, బట్ట, తిరిగిపోయేటప్పుడు చేతిలో పెట్టేది, అన్నీ ఆ సంచిలోంచే. సర్కారు ఇచ్చింది కాదు, దొర ఇచ్చింది కాదు, రైతు పిడికిట్లోంచి నడుస్తున్న ఆట అని నారాయణ సేటు మీసం దువ్వుకుని చెప్పుకునేవాడు. పసుపు రైతులది, మీసం ఆయనది.

వాకిలి అంచున బల్లలు కట్టి వేదిక చేసి, వెనక ఒక తెర కట్టేవాళ్లు. ఆటగాళ్ల మొహాలు బజారు వైపు, వీపులు దుకాణం వైపు. ఊరంతా బజారులో గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేది. సేటు ఇంటి ఆడవాళ్లు బజారులో కూర్చోవడం మర్యాద కాదు కనుక కొత్త కోడలు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి, తెర మీదుగా చూసేది. కాబట్టి ఆర్మూరంతా ఆటను ముందు నుంచి చూస్తే, ఆమె ఒక్కతే వెనక నుంచి చూసింది. ఒక్క ఏడు కాదు, ఆట ఆడినన్ని ఏళ్లూ అంతే.

వెనక నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? మహారాజు కిరీటాన్ని వెనక సుతిలి తాడుతో ముడేసి ఉంటారు. దేవుడి పట్టుబట్ట నడుము దగ్గర ఆగిపోతుంది, దాని కింద ఖాకీ నిక్కరు. రాక్షసుడు ముందుకు పళ్లు నూరుతూ వెనక చేత్తో వీపు గోక్కుంటాడు. రాజు గొంతెత్తి ధర్మం గురించి పద్యం అందుకుంటాడు, వెనక మద్దెల వాయించేవాడు దగ్గర పెట్టుకున్న మిర్చి బజ్జీ కొరుకుతాడు. రాజ్యాన్ని వెనక నుంచి చూసినవాళ్లకు ఇక ఏ రాజు మీదా గౌరవం ఉండదు. విద్యావతమ్మకు కొత్త పెళ్లికూతురి పసుపు బట్టలు మాయకముందే ఆ గౌరవం పోయింది.

అయినా అంతటితో పోయేదే, చంద్రయ్య లేకపోతే.

చంద్రయ్య రాణి వేషం వేసేవాడు. అప్పుడు పాతికేళ్లు కూడా నిండని కుర్రవాడు. ఆ మొదటి ఏడు, కొడుకు చనిపోయి రాణి ఏడ్చే ఘట్టానికి ముందు అతను తెర వెనక బీడీ పట్టుకుని నిలబడ్డాడు. మద్దెలవాడు చెవిలో ఏదో చెప్పాడు. చంద్రయ్య పడీపడీ నవ్వాడు. బీడీ ఆర్పి, మిగిలిన ముక్కను కొప్పులో దోపుకుని, కొంగు సర్దుకుని, ఇంకా నవ్వు ఆగకముందే వేదిక ఎక్కాడు. ఎక్కి, పిల్లవాడి శవమని చుట్టిన చీర మూట ముందు కూలబడ్డాడు. అతని వీపు కదలడం మొదలైంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కొప్పులో బీడీ ముక్క కూడా ఎగిరింది. ఇంకా నవ్వుతనే ఉన్నడు వీడు అనుకుంది కొత్త కోడలు. బజారు వైపు చూస్తే ఊరు ఊరంతా కొంగులు, తువ్వాళ్లు కళ్లకు అడ్డం పెట్టుకుని ఉంది. ముందు వరసలో కూర్చున్న ఆమె మొగుడు అందరికన్నా ఎక్కువ ఏడుస్తున్నాడు.

ఆట ముగిసి సేటు మేడ ఎక్కి, "ఏడిపిచ్చిండు చంద్రయ్య" అని ముక్కు తుడుచుకున్నాడు. ఆమె నీళ్ల చెంబు చేతికిచ్చి, మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది. అంత పేరున్న వ్యాపారి, కొమ్ము విరవకుండా పిడికెడు పసుపు తూకానికి ఒప్పుకోని మనిషి, తన ఎదురుగా ఒకడు నవ్వుతుంటే ఏడుపనుకుని ఏడ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి మొగుడి తెలివి మీద ఆమెకు నమ్మకం పోయింది. తర్వాత బజారు తెలివి మీద పోయింది. ఆ తర్వాత లోకం మీద పోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఏటా అదే ఘట్టం, ఏటా అదే భుజాలు. ఆమె బిడ్డల్ని కని, పెంచి, మొగుడిని సాగనంపి, తల నెరిసే వరకూ ఆ వీపు అట్లాగే నవ్వుతూ ఉంది, బజారు అట్లాగే ఏడుస్తూ ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అర్థం చేసుకునే బుర్ర ఎవరికుంది? కానీ ఒక్క కోరిక మాత్రం లోపల ఉండిపోయింది. ఒక్కసారి ముందు కూర్చోవాలి. ఆ నవ్వే మొహాన్ని కళ్లారా చూడాలి. దాన్ని చూసి ఇంతమంది గుడ్డివాళ్లు ఎట్లా అవుతున్నారో తేల్చుకోవాలి. నారాయణ సేటును ఒకసారి అడిగింది. "మన ఇంటి ఆడోళ్లు బజార్ల గోనెపట్టా మీద కూసుంటరా?" అన్నాడాయన. ఆయన పోయాక, సేటు పోయిన ఇంటి మనిషి బజారులో కూర్చుని ఆటలు చూస్తే నలుగురూ ఏమంటారని ఆమె కొడుకు ప్రహ్లాద్ అన్నాడు. అంతలో కరోనా వచ్చింది. ఆ ఏడు ఆగిన ఆట మళ్లీ మొదలు కాలేదు.

ఆట ఆగింది కానీ సంచి ఆగలేదు. ప్రహ్లాద్ తండ్రి కన్నా తెలివైనవాడు. నలుగురు అడ్తివాళ్లను కూడగట్టి పసుపు వర్తకుల గ్రామీణ కళాపోషక మండలి అని ఒకటి పెట్టాడు, దానికి తానే అధ్యక్షుడు. ఏడాదికొకసారి ఆ సంచి డబ్బుతో ఏసీ ఫంక్షన్ హాల్లో సభ. అధ్యక్షుడికి కార్యదర్శి శాలువా కప్పుతాడు, కార్యదర్శికి కోశాధికారి కప్పుతాడు, కోశాధికారికి అధ్యక్షుడు కప్పుతాడు. అద్దం బిగించిన మెమెంటోలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతాయి. తర్వాత ఒక ఎరువుల డీలరు మైకు పట్టుకుని సినిమా పాట పాడతాడు. గ్రామీణ కళ అంతటితో పోషింపబడి, అందరూ బిర్యానీ తిని ఇళ్లకు పోతారు.

ఈ ఏడు పసుపు కాలం మొదలైంది. కిటికీలోంచి చూస్తున్న విద్యావతమ్మకు ఒక రోజు ఉన్నట్టుండి ఒళ్లు మండింది. కింద రైతులు ఒకరి తర్వాత ఒకరు పిడికెడు తీసి సంచిలో వేస్తూనే ఉన్నారు. ఆమె మెట్లు దిగి, వాకిట్లో కుప్పల మధ్య నుంచి నడిచి, తరాజు పక్కన నిలబడి సంచి మూతి మీద చెయ్యి పెట్టింది. హమాలీలు నోళ్లు వెళ్లబెట్టారు. పసుపు ఏరుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. పిడికెడు పట్టుకుని వచ్చిన మోర్తాడ్ రైతు అట్లాగే నిలబడిపోయాడు.

"ఏందది?" అంది ఆమె.

"ఆట పిడికెడమ్మా."

"ఏ ఆట?"

"భాగోతం. మీ దుకాణంల ఆడిపిస్తరు గదా."

"నువ్వు చూసి ఎన్నేండ్లాయె?"

రైతు ఆలోచించాడు. "మేం పసుపు అమ్ముకొని ట్రాక్టర్ల పోతం గదమ్మా. ఆటకు ఆగుదమంటె యాడ కుదుర్తది? ఆడుతనే ఉంటరు గదా."

"ఆడ్తలేరు. కరోనా సంది ఆడ్తలేరు."

అతను చేతిలోని కొమ్ముల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "గట్లనా" అన్నాడు. అని, ఆమె వేళ్ల సందులోంచి ఆ కొమ్ముల్ని సంచిలో జారవిడిచాడు.

"మళ్ల ఎందుకేసినవ్?"

"అలవాటు తప్పొద్దమ్మా. కళలను బతికించుకోవాలె గదా."

అతని వెనక నిలబడ్డ దొంకేశ్వర్ రైతు తన పిడికెడు పట్టుకుని ముందుకొచ్చి, "పోయినేడు మస్తుగ ఆడిండ్రట గదమ్మా. మా ఊరోళ్లు చెప్పిండ్రు" అన్నాడు.

ఇదీ ప్రజల ఆదరణ అంటే. ఆట ఉండాలి, దానికి పిడికెడు ఇవ్వాలి, అంతవరకు ఒక్కడికీ అభ్యంతరం లేదు. చూడటం మాత్రం ఇంకెవరో చూస్తారు. మోర్తాడ్ వాళ్లు దొంకేశ్వర్ వాళ్లు చూస్తున్నారనుకున్నారు, దొంకేశ్వర్ వాళ్లు ఆర్మూరు వాళ్లు చూస్తున్నారనుకున్నారు, ఆర్మూరు వాళ్లు రైతుల కోసమే ఆట అనుకుని టీవీ పెట్టుకున్నారు. ఆగిపోయిన ఆటను ఇన్నేళ్లు ఇంతమంది కలిసి ఇంత భక్తిగా పోషించడం ఇంకెక్కడైనా జరిగి ఉంటుందా అంటే అనుమానమే.

ప్రహ్లాద్ గల్లాపెట్టె దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నువ్వెందుకు దిగినవ్? రైతుల ముంగట ఏందిది?"

"ఆట పేరు మీద ఎత్తుకుంటున్నరు. ఆట ఏదిరా?"

"గీ కాలంల భాగోతం ఎవరు చూస్తరే? మేం సభ వెడ్తున్నం గదా. అదీ కళనే."

"ఎరువులోడు పాడింది కళనా? ఉగాది లోపల ఆట ఆడియ్యి. లేకుంటె రేపటి సంది తరాజు కాడనే కుర్చీ ఏసుకొని కూసుంట. వచ్చినోని వచ్చినట్టు అడుగుత, ఆట చూసినవా అని."

ఆమె అన్నంత పని చేస్తుందని ప్రహ్లాద్‌కు తెలుసు. మెడ మీద చెమట తుడుచుకుని, సరే అన్నాడు. సరే అన్నాక అతనికి ఇంకో ఆలోచన తట్టింది. ఆటతో పాటు సభ కూడా పెడితే మండలికి పేరు వస్తుంది, పత్రికల వాళ్లు వస్తారు. అమ్మను ముందు వరసలో కూర్చోబెడితే ఫోటో కూడా బాగుంటుంది. "ముంగటి వరసల నీకు సోఫా ఏపిస్త" అన్నాడు.

"కుర్చీ చాలు. కానీ ముంగటనే" అంది ఆమె.

వాకిట్లో పసుపు ఏరే భాగ్యవ్వది చంద్రయ్య ఊరే. ఆమె కబురు చెబితే చంద్రయ్య మర్నాడే వచ్చాడు. దగ్గరగా అతన్ని చూడటం విద్యావతమ్మకు అదే మొదలు. రంగు లేదు, కొప్పు లేదు, ముందరి పళ్లు లేవు. తెల్ల గడ్డం, వంగిన మోకాళ్లు. గుమ్మం అవతలే నిలబడి దండం పెట్టాడు.

"మనుషులున్నరా ఇంక?" అని అడిగింది.

"ఉన్నరమ్మా. రాజు వేషం గజేందర్ మస్కట్‌ల లారీ నడుపుతున్నడు. ఇప్పుడు చుట్టీ మీద వచ్చిండు. ఉగాది ఎల్లంగనే పోతడు. మంత్రి బీడీల కంపెనీల గుమస్తా."

"రాణి?"

"నేనేనమ్మా. ఇగ ఇదే ఆఖరు. మోకాళ్లు పని చేస్తలేవు. కూలవడితె లేస్తలేను."

ఆఖరు అన్న మాటకు ఆమె గుండె ఝల్లుమంది. అతని మీద జాలితో కాదు. ఈసారి చూడకపోతే ఆ నవ్వును ఇక ఎప్పటికీ పట్టుకోలేనని. జీవితమంతా ఊరిని వెర్రిదని తీర్మానించి కూర్చున్న మనిషికి, ఆ తీర్మానానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మస్కట్ విమానంతో పాటు వెళ్లిపోతుంటే భయం వేయదా? "తప్పక రండ్రి" అంది.

ఉగాదికి ముందు ఆదివారం బజారులో సభ పెట్టారు. మూడంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ లేచింది. దాని మీద మండలి సభ్యుల తలకాయలు, వాళ్ల కొడుకుల తలకాయలు, సభకు రాని నాయకుల తలకాయలు. కింద మూలన, ఎవరి మోచేతి కిందో, కళాకారుడి బొమ్మ ఒకటి ఉంది. ఫోనులో వెతికి ఏ రాష్ట్రానిదో తగిలించారు. నెత్తిన నెమలి ఈకలు పెట్టుకున్న ఆ ఆసామి ఆర్మూరు మొహం జన్మలో చూసి ఉండడు. పాత రోజుల్లో లాగే వేదిక మొహం బజారుకు, వీపు దుకాణానికి. చంద్రయ్య బృందం మధ్యాహ్నమే వచ్చి, వెనక వాకిట్లో పసుపు కుప్పల పక్కన కూర్చుని రంగులు వేసుకుంది.

విద్యావతమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ముందు వరస మధ్య కుర్చీలో కూర్చుంది. బజారులో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఊరు చూస్తుందేమోనని ఆమె సిగ్గుపడింది. ఊరు ఫోన్లు చూసుకుంటోంది.

అతిథులు రావలసిన వేళకు రాలేదు, వచ్చాక దిగవలసిన వేళకు దిగలేదు. వేదిక నిండా కుర్చీలు, కుర్చీల నిండా వాళ్లు. ఒకాయన కళలు జాతికి ప్రాణమన్నాడు. ఇంకొకాయన కాదు, ఊపిరి అన్నాడు. ప్రాణానికి, ఊపిరికి మధ్య ఏం తేడా ఉందో మూడో ఆయన విడమర్చి చెప్పేసరికి ఎండ తగ్గిపోయింది. ఒకాయన, తన చిన్నతనంలో భాగోతం చూసి ఎంత ఏడ్చాడో చెబుతూ గొంతు పూడుకుపోయినట్టు చేసి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. చివరికి ప్రహ్లాద్ మైకు తీసుకుని, "పల్లె కళలకు ప్రజల నిధి ఉండాల్నా, వద్దా? ఉండాలన్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు. బజారంతా చేతులు లేచాయి. ఫోను చూస్తున్నవాడు ఫోనుతోనే లేపాడు. నిద్రపోతున్నవాడిని పక్కవాడు లేపితే వాడూ చెయ్యి లేపాడు. చప్పట్లు మోగాయి, ఫోటోలు తీశారు.

"పొద్దుపోయింది గనుక" అన్నాడు ఆ తర్వాత ప్రహ్లాద్, "మన కళాకారులకు సన్మానం చేసుకుందాం. వాళ్లు ఇంత పద్యం పాడి సెలవు తీసుకుంటరు. ముందుగ ఇంకో ఇద్దరు పెద్దలు మాట్లాడుతరు."

విద్యావతమ్మ కొడుకును చేత్తో పిలిచింది. అతను వేదిక అంచుకు వచ్చి వంగాడు.

"ఆట?"

"గదే అమ్మా, శాలువలు కప్పి పంపిస్తం. అతిథులకు ఇంకో ప్రోగ్రాం ఉంది. లేటయితది."

కొడుకు మొహం వంక ఒక్క చూపు చూసింది. బజారులో అడ్డమైనవాడినల్లా చూసే చూపే అది, ఇన్నేళ్లలో అతని వైపు మొదటిసారి తిరిగింది. కుర్చీలోంచి లేచి, వేదిక పక్క సందులోంచి తెర వెనక్కి నడిచింది. ముందు వరస మధ్య కుర్చీ ఖాళీ అయితే ఒక ఎరువుల డీలరు వచ్చి కూర్చున్నాడు.

తెర వెనక వాకిట్లో రాజు కిరీటం ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. చంద్రయ్య గడ్డం గీయించుకుని, రాణి చీరలో, మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడు. పొద్దంతా చెమట పట్టి మొహం మీద రంగు పగుళ్లిచ్చింది. భాగ్యవ్వ, మిగతా ఆడవాళ్లు ఆదివారమైనా పసుపు ఏరుతున్నారు. కూలీకి సభలు లేవు. విద్యావతమ్మ నిండు బస్తా ఒకటి చూసుకుని దాని మీద కూర్చుంది.

"చంద్రయ్యా, మొదలువెట్టు."

"యాడమ్మా? మీద మీటింగ్ నడుస్తుంది గదా."

"ఈడనే."

చంద్రయ్య లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ తెర వైపు, తెర అవతల బజారు వైపు తిరిగాడు. తర్వాత ఆగి, మెడ తిప్పి మేడ మీది కిటికీ వైపు చూశాడు. "మీరు మీదికెల్లి చూస్తుంటిరి గదమ్మా" అన్నాడు.

అతనికి తెలుసని ఆమె అనుకోలేదు. "ఇయ్యాల మీదికెల్లి కాదు" అంది.

"మరి ఎటు తిరిగి ఆడాలె?"

"నా దిక్కు తిరుగు. కొడుకు సచ్చిన కాడికెల్లి పట్టు. ముంగటిది నాకు అక్కర లేదు."

మద్దెల మోగింది. తెర అవతల మైకులో ఎవరో గ్రామీణ కళలు అంతరించిపోతున్నాయని బాధపడుతున్నారు. మద్దెల వినిపించి ముందు నలుగురు, తర్వాత ఒక పదిమంది ఇటు వచ్చారు. భోజనాలు ఇటువైపు పెట్టారనుకున్నారట. వచ్చినవాళ్లు వంటపాత్రల కోసం అటూ ఇటూ చూసి, ఏమీ లేకపోయేసరికి, ఇంకేం చేయాలో తోచక కుప్పల మధ్య నిలబడిపోయారు.

చంద్రయ్య చీర మూట ముందు కూలబడ్డాడు. కూలబడేటప్పుడు మోకాలు నొప్పికి నిజంగానే అమ్మా అన్నాడు. గొంతు చీలిపోయింది, పళ్లు లేక మాట గాలిలో పోతోంది. ఇంత అధ్వానమైన రాణిని ఏ రాజు చేసుకున్నాడో అనుకుంది విద్యావతమ్మ. అతను మూటను ఒళ్లోకి తీసుకుని, దాని మీదికి వంగాడు. భుజాలు కదలడం మొదలైంది. అదే కదలిక. ఎగిరెగిరి పడుతున్న అవే భుజాలు. దొరికినవ్ అనుకుని ఆమె బస్తా మీద ముందుకు జరిగి, అద్దాలు సరిచేసుకుని అతని మొహంలోకి చూసింది.

నోరు తెరుచుకుని ఉంది. కింది పెదవి పసిపిల్లవాడి పెదవిలాగా వణుకుతోంది. రెండు కళ్లలోంచి నీళ్లు కారి, పగిలిన రంగులోంచి దారి చేసుకుని గడ్డం మీదికి దిగుతున్నాయి. ఆమె నవ్వు కోసం వెతికింది. పెదవుల చివర వెతికింది, కళ్ల మూలల్లో వెతికింది. వీపు చూసి నవ్వనుకున్నది నవ్వు కాదు.

పక్కన భాగ్యవ్వ చేతిలో కొమ్ము పట్టుకుని మరిచిపోయి, చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏడుస్తున్నడే" అంది విద్యావతమ్మ.

"ఏడ్వకేం జేస్తడమ్మా. కొడుకు సచ్చిపాయె గదా."

"ఎప్పుడూ గిట్లనే ఏడుస్తడా?"

భాగ్యవ్వ ఆమె వంక వింతగా చూసింది. "మీరెన్నడు చూడలేదా? ఎప్పుడూ గిట్లనే. నా చిన్నప్పటి సంది."

చెంబు అందిస్తూ మొహం తిప్పుకుని నవ్వుకున్న ప్రతి రాత్రీ ఆమెకు గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ మేడ ఎక్కిన మొగుడు గుర్తొచ్చాడు. ఆ బజారులో ఆట తెలియని మనిషి ఒక్కతే ఉండేది, ఆ ఒక్కతీ తానే. ఇన్నేళ్లు లోకం మీద పోసిన అసహ్యమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగొచ్చి పడింది. అది దించుకోవడానికి అక్కడ చోటు లేదు, వయసు కూడా లేదు. చేయగలిగింది చూడటం ఒక్కటే. ఆమె కన్నార్పకుండా చూస్తోంది.

అప్పుడే తెర పక్క నుంచి ప్రహ్లాద్ వచ్చాడు. చేతిలో శాలువా, వెనక ఫోటో తీసేవాడు. రాణికీ తల్లికీ మధ్యన నిలబడి, "అమ్మా, అతిథులు వెళ్లిపోతున్నరు. చంద్రయ్యకు నీ చేతుల మీదుగ కప్పుదువు గానీ, లే" అన్నాడు.

విద్యావతమ్మ కొడుకు నడుము మీద చెయ్యి పెట్టి పక్కకు నెట్టింది.

"అడ్డం జరుగురా. మొహం కనవడ్తలేదు."